రంగు పోయిన ఆరు వారాలు

ఇది రాసేటప్పటికి నా దగ్గర ఇంకా పన్నెండు రోజుల మాత్రలు మిగిలి ఉన్నాయి. అవి కూడా అయిపోయాక తీరిగ్గా రాద్దామనుకున్నాను. కానీ అంతా అయిపోయాక మనిషి మెత్తబడుతుంది, జరిగినదాన్ని తనకు నచ్చినట్టు సర్దుకుంటుంది. కొంచెం కోపం మిగిలి ఉండగానే రాస్తే నిజం పాలు ఎక్కువ ఉంటుందని ఇప్పుడే కూర్చున్నాను. టీబీ మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు, వాళ్ళకు వండిపెడుతున్నవాళ్ళు దీన్ని చదివితే నాకు చాలు.

మా ఊరి పేరు రాయను. జువ్వలదిన్నె హార్బరు దగ్గర్లో, సముద్రం ఒడ్డున ఒక పల్లె అనుకోండి. మా అక్క ఇంకా ఆ వీధుల్లోనే బుట్ట నెత్తిన పెట్టుకుని చేపలు అమ్ముకోవాలి.

నా పేరు రమణ. జాకెట్లు కుడతాను. ఎనిమిదో తరగతితో బడి మానేశాను గాని చదువు మానలేదు. వారానికి రెండుసార్లు షేర్ ఆటో ఎక్కి లైబ్రరీకి పోతాను. కథల పుస్తకాలు అయిపోయాక ఆరోగ్యం, ఆకాశం, చట్టం, ఏది దొరికితే అది చదివాను. మా వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. ఆ గర్వం నాకు బాగా ఉండేది. ఈ కథలో దాని పాత్ర కూడా ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆగస్టు

దగ్గు ఎండాకాలం చివర్లోనే మొదలైంది. బట్టల దుమ్ము అనుకున్నాను. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడేది. మిషను ముందు కూర్చుంటే నా జాకెట్టు నాకే వదులుగా వేలాడేది. ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలు తీసేదాన్ని, నా కొలత తగ్గిపోతున్నది చూసుకోలేదు.

ఆరోగ్య కేంద్రంలో కళ్లె పట్టిన చిన్న డబ్బా చేతిలో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న ఆమె మెల్లగా జరిగి బెంచీ చివరికి పోయింది. ఎదురుగా ఒక ముసలాయన, రొయ్యల గుంట దగ్గర కాపలా ఉంటాడట, లేచి వచ్చి సరిగ్గా ఆ ఖాళీలో కూర్చున్నాడు.

"నాకు రెండేళ్ళ కింద వచ్చిందమ్మా. పోయింది కూడా. బిస్కెట్ తింటావా?" అన్నాడు.

ఆ బిస్కెట్ రుచి ఇప్పటికీ గుర్తుంది.

టీబీ అని తేలింది. ఆరు నెలలు మందు. ఆ విభాగం చూసే సూపర్‌వైజర్ గారు ఓపికగా చెప్పారు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు వేరే మాత్రలు. మూత్రం, చెమట, కన్నీళ్ళు నారింజ రంగులో వస్తాయి, భయపడవద్దు. ఎవరో ఒకరు దగ్గరుండి మింగించాలి. "ఇంట్లో ఎవరున్నారమ్మా?" అని అడిగారు.

మాకు పిల్లలు లేరు. మా ఆయన కోటయ్య బోటు మీద పోతే నాలుగైదు రోజులకు గాని రాడు. "మా అక్క ఉంది సార్," అన్నాను.

మా అక్క పేరు నాగమ్మ. నాకంటే పదేళ్ళు పెద్ద. మా అమ్మ ఇదే జబ్బుతో పోయింది. అప్పుడు నాకు ఐదేళ్ళు. నాకు అన్నం కలిపిపెట్టింది, జడ వేసింది, బడికి పంపింది అక్కే. బావ పోయాక మా వీధిలోనే, మా ఇంటికి ఎదురుగా ఒక్కతే ఉంటుంది. ఆ మాత్రలు బొటనవేలంత ఉండేవి. నాకు చూస్తేనే వాంతి వచ్చేది. అందుకని రోజూ పొద్దున్నే అక్క వచ్చి, "కండ్లు మూసుకో మే," అనేది. నేను కళ్ళు మూసుకుని నోరు తెరిచేదాన్ని. ఒక్కొక్క మాత్రే నాలుక మీద పెట్టి, నీళ్ళు తాగించి, చివర చిన్న బెల్లం ముక్క పెట్టేది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఎలా చేసేదో అలాగే.

మొదటి వారంలోనే ఒకామె కుట్టమని ఇచ్చిన గుడ్డ వెనక్కి తీసుకుపోయింది. "పండక్కి ఇంకా టైముందిలే," అంది. ఏ పండగో చెప్పలేదు. ఆమె పోయాక ఏడ్చాను, చేతికందిన తెల్ల లైనింగ్ గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాను. గుడ్డ మీద నారింజ రంగు మరక పడింది. ఆ ఏడుపులోనే నాకు సంతోషం వేసింది. మందు కళ్ళదాకా వచ్చింది, పని చేస్తోంది అనుకున్నాను.

సెప్టెంబరు

లైబ్రరీలో నాకు రెండు పుస్తకాలు దొరికాయి. ఒకటి డిగ్రీ పిల్లలు చదివే సూక్ష్మజీవుల పుస్తకం. రెండోది క్షయ గురించి ఎవరో డాక్టరు రాసిన చిన్న పుస్తకం. దానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, ఎప్పుడు అచ్చయిందో తెలియదు. భాష మాత్రం ముచ్చటగా ఉంది. రెండూ ఇంటికి తెచ్చుకున్నాను.

మొదటి పుస్తకంలో చదివిన ఒక సంగతి నన్ను పట్టుకుని వదల్లేదు. మేం మింగే మాత్రలో ఐసోనియాజిడ్ అని ఒక మందు ఉంటుంది. క్రిమి లోపలికి పోయేదాకా అది క్రిమికి విషం కాదు. లోపల ఒక ఎంజైమ్ ఉంటుంది. పనిమనిషి అనుకోండి. హాని చేసే పదార్థాలు వస్తే వాటిని విరగ్గొట్టి యజమానిని కాపాడడం దాని పని. ఈ మందును కూడా అది అలవాటు కొద్దీ విరగ్గొడుతుంది. విరిగిన తర్వాతే మందు విషమవుతుంది. ఆ విషం క్రిమి తన చుట్టూ కట్టుకునే మైనపు గోడ పనిని ఆపేస్తుంది. గోడ లేని క్రిమి పెరగబోయి పగిలిపోతుంది. కొన్ని క్రిములు పెరగకుండా నిద్రపోతూ ఉంటాయి, వాటికి గోడ అవసరం ఉండదు. అవి లేచేదాకా కాచుకోవాలి కాబట్టే నెలల తరబడి మింగాలి.

ఆ సాయంత్రం గడప దగ్గర కూర్చుని మా ఆయనకు, అక్కకు ఇదంతా చెప్పాను. మా ఆయన చిన్నప్పుడు కొయ్య పడవల మీద పనిచేసినవాడు.

"అంటే పడవ అతుకులకు గుగ్గిలం పుయ్యనియ్యదు. నీళ్ళొచ్చి మునిగిపోతాది. అంతేనా?" అన్నాడు.

"అంతే."

అక్క చేపలు తోముతూ తల ఎత్తింది. "దాని ఇంట్లో మనిషే దాన్ని చంపిస్తాదా?"

"చంపియ్యాలని కాదక్కా. దానికి తెలీదు. మంచి చేస్తా ఉండాననే అనుకుంటాది."

"ఏం మందో మే. ద్రోహపు మందు. ఇట్టాంటిది కడుపులో పోసుకుంటే మంచి జరగతాదా?"

"నీకు అర్థం కాదులే," అన్నాను.

ఆ మాట ఆ నెలలో ఎన్నిసార్లు అన్నానో.

సెప్టెంబరు చివర ఒక మధ్యాహ్నం అక్క ఒడ్డు నుంచి సూర చేప తెచ్చి పులుసు పెట్టింది. నల్లటి మాంసం, మంచి కొవ్వు. "తిను మే, ఒంటికి నెత్తురు పడతాది. డాక్టరు గుడ్డు తినమన్యాడు గదా, గుడ్డు కంటే ఇది తక్కువా?" అంది. ఎండలో తెచ్చిన చేప. మా ఇళ్ళల్లో నాలుగు చేపల కోసం ఎవరూ ఐసు కొనరు.

తిన్న అరగంటకు నా మొహం మండిపోయింది. ఉడకబెట్టిన పీతలాగ ఎర్రబడింది. తల పగిలిపోతోంది, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అక్క విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చుంది. చీకటిపడేసరికి తగ్గింది. మర్నాడు మిగిలిన పులుసు వేసుకుని తిన్నాను. మళ్ళీ అదే.

"ఈ మాత్రలు నీకు పడలా మే. రేపే పోయి ఆ సార్‌ను అడగతా," అంది అక్క.

"వద్దక్కా. పురుగులు చచ్చేటప్పుడు ఒళ్ళు ఏడెక్కతాది. నేను చదివినా."

నేను చదవలేదు. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు నా నోటికి వచ్చింది. చదివిన దానికీ ఊహించిన దానికీ మధ్య గీత నాలో అప్పటికే చెరిగిపోయింది.

"నువ్వు చదివుంటే సరేలే," అని అక్క విసనకర్ర పక్కన పెట్టింది. ఇంక ఆ మాట ఎత్తలేదు.

అక్టోబరు, నవంబరు

రెండు నెలలు నిండాయి. కళ్లె మళ్ళీ పరీక్ష చేశారు. క్రిములు కనపడలేదన్నారు. దగ్గు పోయింది. జాకెట్టు కొంచెం బిగుతుగా పట్టింది. రెండో దశ మాత్రలు తేవడానికి అక్కే పోయింది, వానలు మొదలయ్యాయి, నువ్వు తడవద్దు అని.

మర్నాటి పొద్దున కళ్ళు మూసుకుని నోరు తెరిచాను. మాత్రలు చిన్నవి. నున్నగా జారిపోయాయి. రెండో దశ మాత్రలు వేరేగా ఉంటాయని సార్ చెప్పారు కదా, ఇవే అనుకున్నాను. రెండు రోజులకే రంగు పోయింది. మూత్రం మామూలుగా వస్తోంది.

నాకు అనుమానం రాలేదని చెప్పలేను. ఆ రోజు అట్ట లేని పుస్తకం తీసి చూశాను. అందులో స్పష్టంగా రాసి ఉంది: రెండో దశలో రెండే మందులు, రిఫాంపిసిన్ ఉండదు. రంగు వచ్చేది రిఫాంపిసిన్ వల్లే. లెక్క సరిపోయింది. అక్కను పిలిచి వేలు పెట్టి ఆ వరుస చూపించాను, తనకు చదవడం రాదని తెలిసి కూడా.

"చూడక్కా. రంగు ఎందుకు పోయిందో ఈడ రాసుండాది. ఇప్పుడు ఆ ఎర్ర మందు ఉండదు."

అక్క ఆ పేజీ వైపు చాలాసేపు చూసింది. "ఆ పుస్తకంలో అట్టనే ఉండాదా?" అని అడిగింది.

"ఉండాది."

"అయితే మంచిదే," అంది. ఆమె గొంతులో ఎంత నెమ్మది వచ్చిందో నాకు ఇప్పుడు గుర్తొస్తుంది. అప్పుడు పట్టించుకోలేదు. ఆశా కార్యకర్త వచ్చినప్పుడల్లా అక్క ఖాళీ అట్టలు చూపించేది. మాత్రలు తీసేసిన అట్టలు నేనూ చూశాను.

ఆరు వారాలు అలా గడిచాయి. ముసురు, తుఫాను హెచ్చరికలు, బోట్లు ఒడ్డున. మళ్ళీ దగ్గు వచ్చింది. వానకు పడిశం అనుకున్నాను. సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. పడిశమే అనుకున్నాను. ఒకరోజు జాకెట్టు మళ్ళీ వదులైంది.

డిసెంబరు

అక్కా నేనూ కలిసే పోయాం. సూపర్‌వైజర్ గారు కార్డు ముందు పెట్టుకుని అడుగుతూ పోయారు. ఆకలి ఎలా ఉంది, జ్వరం ఎప్పుడొస్తోంది, మూత్రం రంగు ఎలా ఉంది.

"మామూలుగానే ఉంది సార్. రెండో దశలో రిఫాంపిసిన్ ఉండదు కదా," అన్నాను. ఆ పేరు తడబడకుండా పలికినందుకు లోపల కొంచెం మురిసిపోయాను కూడా.

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఎవరు చెప్పారు?"

"చదివాను సార్."

"ఆ పద్ధతి ఎప్పుడో పోయిందమ్మా. ఇప్పుడు చివరి రోజు దాకా ఆ మందు ఉంటుంది. నీ విషయంలో రంగు రాలేదంటే ఒకటే అర్థం. నువ్వు మాత్రలు మింగడం లేదు."

నాకు రోషం వచ్చింది. "ఒక్క రోజు మానలేదు సార్. మా అక్కే చేత్తో వేస్తుంది. కావాలంటే అడగండి," అని సాక్షిని చూపించినట్టు అక్క వైపు చెయ్యి చాపాను.

అక్క తన పాదాల వైపు చూస్తోంది.

వరండాలో అదే బెంచీ మీద కూర్చున్నాం. నాకు ఏడుపు వచ్చింది. సంచిలో ఉన్న లైనింగ్ ముక్కతో కళ్ళు తుడుచుకున్నాను. గుడ్డ తడిసింది. మరక లేదు. వట్టి నీళ్ళు. ఆ తెల్ల గుడ్డను అలాగే పట్టుకుని చాలాసేపు చూశాను. అంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

"ఏం పెట్టినావు నాకు?" అని అడిగాను.

"రక్తం మాత్రలు."

"ఎవురివి?"

"నాయే. నాకు రక్తం తక్కువని ఆశా అమ్మాయి ఇచ్చింది గదా."

"ఎందుకక్కా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. "అమ్మ ఈ ఆస్పత్రి మాత్రలు తినే పోయింది మే. నువ్వప్పుడు ఇంత ఉండావు, నీకేం తెలుసు? నీ మొకం ఎర్రగయిన దినం నాకు అమ్మ మొకం కనపడింది. అడగతానంటే వద్దన్యావు. నీకు అర్థం కాదన్యావు. ఇంక ఎవుర్ని అడిగేది?"

"అమ్మ ఎన్ని నెల్లు తినింది? చివర దాకా తినిందా, నడాన మానేసిందా?"

"ఏమో. నేను నీకు గంజి తాపతా ఉండా, అమ్మ మాత్రలకు దినాలు లెక్క పెట్టుకుంటా ఉంటానా?"

"నాకు చెప్పుండొచ్చు గదా!"

అక్క తల ఎత్తింది. "నువ్వే చెప్పినావు గదా, రంగు పోతాదని. పుస్తకం తీసి చూపించినావు. నేను ఒక్క అబద్ధమన్నా చెప్పినానా?"

నిజమే. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆమెకు రాలేదు. ఆమె పనిని నేనే పూర్తి చేసిపెట్టాను.

ఇంటికి వచ్చాక అక్క తన ఇంట్లోంచి ఊరగాయ జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీస్తే నా మాత్రలు. రోజూ అట్టలోంచి తీసి అందులో వేసింది. ఎర్రగా, పెద్దవిగా, జాడీలో సగం దాకా ఉన్నాయి. "మందు పారేస్తే ఉసురు తగుల్తాదని పారెయ్యలా," అంది. ఆ జాడీ చూస్తే నాకు దుఃఖం పోయి కోపం వచ్చింది. ఒక్కసారి తెలియక చేసిన పని కాదది. ప్రతి పొద్దునా, నేను కళ్ళు మూసుకున్నాక, నా ఎదురుగా నిలబడి చేసిన పని. ఆ తర్వాత బెల్లం ముక్క.

"ఇంక ఈ ఇంట్లోకి రావద్దు," అన్నాను.

"రాను," అని, జాడీ అక్కడే వదిలేసి పోయింది.

మా ఆయన అంతా విన్నాడు. "ఆమె చేసింది తప్పే. మరి నువ్వు పుస్తకం చదివి చేసింది ఏంది?"

"నేను తెలియక."

"ఆమెకు మాత్రం తెలుసునా?"

ఆయనతో కూడా రెండు రోజులు మాట్లాడలేదు.

డిసెంబరు చివర

కళ్లెలో మళ్ళీ క్రిములు ఉన్నాయి. అవి ఏ మందుకు లొంగుతాయో, దేనికి లొంగవో తేల్చడానికి శాంపిల్ పంపించారు. ఫలితం వచ్చేదాకా మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నేనే అట్ట చించుకుని, కళ్ళు తెరిచి, ఒక్కొక్కటే చూసి మింగాను. రెండుసార్లు వాంతి అయింది. బెల్లం పెట్టుకోలేదు.

ఆ మూడు వారాల ఎదురుచూపు జబ్బు కంటే కష్టం. క్రిమి మందులన్నింటికీ మొండికేస్తే ఏమవుతుందో చదివి ఉన్నాను. ఆ చదువు ఆ రోజుల్లో నాకు ఒక్క పూట కూడా నిద్రకు పనికి రాలేదు. పొద్దున తలుపు తీస్తే అక్క ఇంటి తలుపు కనిపించేది. అది తెరిచి ఉంటే నేను మూసుకునేదాన్ని. ఏ చేతిని చిన్నప్పటి నుంచి అడగకుండా నమ్మానో ఆ చెయ్యే నన్ను ఇక్కడికి తెచ్చింది అనుకునేదాన్ని. చీకట్లో అడుగేసేటప్పుడు కాలికింద నేల ఉందో లేదో మనం చూడం. నాకు అప్పుడు నేల లేదు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఫలితం చెప్పింది. రిఫాంపిసిన్ పని చేస్తుంది. ఐసోనియాజిడ్ పని చేయదు. ఆ మందు తీసేసి, వేరే మందు చేర్చి, మళ్ళీ ఆరు నెలలు.

"మధ్యలో ఆగినందుకేనా మేడమ్?" అని అడిగాను. అవును అనాలని నా కోరిక. దాచుకోను, అక్క మీద ఆ మాట వేయాలని ఎంతో కోరిక.

"కావచ్చు. లేదా నీకు అంటుకున్నప్పుడే ఆ క్రిమి అలాంటిది కావచ్చు. ఇప్పుడు ఎవరూ తేల్చి చెప్పలేరు," అంది ఆమె. తర్వాత, "మీ అక్క ఎందుకు ఆపింది?" అని అడిగింది. మొహం ఎర్రబడిన రోజు గురించి చెప్పాను.

"ఆ రోజు ఏం తిన్నావు?"

"సూర పులుసు మేడమ్."

"రెండో రోజు?"

"అదే పులుసు."

ఆమె నుదురు కొట్టుకుంది. ఐసోనియాజిడ్ వేసుకునేవాళ్ళకు సూర లాంటి చేపలు పడకపోవచ్చు, ఐసు లేకుండా ఎండలో ఉన్నవైతే మరీనట. అలాంటి చేపలో ఒక పదార్థం పుడుతుంది, మామూలుగా మన ఒళ్ళు దాన్ని విరగ్గొట్టి పంపేస్తుంది, ఈ మందు ఆ పని చెయ్యనివ్వదు. "ఒక్క మాట అడిగి ఉంటే, చేప మానమని చెప్పి పంపేవాళ్ళం కదమ్మా," అంది.

అడుగుతానన్న మనిషిని వద్దన్నది నేను.

బస్సులో వచ్చేటప్పుడు లెక్క వేసుకున్నాను. క్రిమి మొదటినుంచే అలాంటిదైతే, నేను అంత గొప్పగా చెప్పుకున్న ఆ మందు నా క్రిముల మీద ఒక్క రోజు కూడా పని చేసి ఉండదు. నా మొహం మీద మాత్రం పని చేసింది. ఇంట్లో డిగ్రీ పుస్తకం మళ్ళీ తీశాను. క్రిమి ఈ మందుకు ఎలా మొండికేస్తుందో అందులో ఉంది: చాలాసార్లు ఆ పనిమనిషిని పాడుచేసుకుని. మందును విరగ్గొట్టే చెయ్యి లేకపోతే విషం పుట్టదు. ఇంట్లో మనిషిని పోగొట్టుకుని బతికిన క్రిమి అన్నమాట. ఎదురింటి తలుపు వైపు చూశాను. ఆ పోలిక నాకు నచ్చలేదు. పుస్తకం మూసేశాను.

జనవరి నుంచి

అట్ట లేని పుస్తకాన్ని లైబ్రరీకి తీసుకుపోయి, దీన్ని తీసెయ్యండి అన్నాను. లైబ్రేరియన్ గారు పెద్దాయన. "రిజిస్టర్‌లో ఉన్న పుస్తకాన్ని నేను తియ్యలేనమ్మా. అయినా అందులో అబద్ధం ఏముంది? రాసిన కాలానికి అది నిజమే కదా," అన్నారు. కాలం రాసిన పేజీ లేదు కాబట్టే నాకు అది విషమైంది. ఆయన దగ్గరే జిగురు తీసుకుని, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి లోపల అంటించాను: "ఇది పాత పుస్తకం. ఇందులోని మందుల పద్ధతి ఇప్పుడు లేదు. ఆరోగ్య కేంద్రంలో అడిగి తెలుసుకోండి." ఆయన చూసి జిగురు మూత పెట్టారు.

డిసెంబరులో మాత్రలు మళ్ళీ మొదలైన రెండో రోజే రంగు తిరిగొచ్చింది, కొత్త మాత్రలతో కూడా పోలేదు. ఇంత వయసులో మూత్రం రంగు చూసి దండం పెట్టుకున్నాను.

అక్క ఇంట్లోకి రాలేదు. చేప వల్ల అని మా ఆయన పోయి ఆమెకు చెప్పాడు. రంగు సంగతి కూడా చెప్పినట్టున్నాడు. ఎందుకంటే ఆ మర్నాటి నుంచి ఆయన ఇంట్లో ఉన్న ప్రతి పొద్దునా వీధిలోంచి లోపలికి ఒక మాట వచ్చేది.

"మీ అక్క అడగతా ఉండాది, రంగొచ్చిందా అని."

"వచ్చిందని చెప్పు."

"వచ్చిందంట!" అని మా ఆయన గడప మీద నిలబడి అరిచేవాడు. వీధి వీధంతా వినేది.

"నువ్వు చూసినావా బ్బా?" అని అటు నుంచి అక్క.

"నేనేం చూస్తానమ్మా, ఆమె మాటే!"

"ఆ మాట నమ్మే గదా ఇంత దాకా వచ్చింది!"

ఆ రోజు నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు బోట్లు కదలవు. మా ఆయన ఇంట్లో, అక్క బుట్ట బోర్లించి ఎదురింట్లో. కళ్లె పరీక్షలు వరుసగా బాగా వచ్చాయి. గుడ్డ వెనక్కి తీసుకుపోయినామె మళ్ళీ తెచ్చింది. పండగ వచ్చినట్టుంది. కుట్టి ఇచ్చాను.

మొన్న నిషేధం అయిపోయింది. మొదటి వేటకు పోయిన బోట్లు తిరిగొచ్చిన పొద్దున అక్క మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో మూత ఉన్న డబ్బా. ఆరు నెలల తర్వాత అంత దగ్గరగా చూశాను. చిక్కిపోయింది.

"సూర," అంది. "ఐసులో పెట్టి తెచ్చినా. కోటయ్య చెప్పినాడు, నీకిప్పుడు ఆ మందు లేదంట గదా. ఆ డాక్టరమ్మను అడిగినాకే తిను. నేను చెప్పినానని తినొద్దు."

"అడిగినా. తినొచ్చంట," అన్నాను. నిజంగానే పోయిన నెల అడిగాను. ఎందుకు అడిగానో అప్పుడు నాకే తెలియలేదు.

"అయితే వండుకో. నేను పోతా."

"నాకు పులుసు పెట్టను రాదని తెలుసు గదా. లోపలికి రా."

అక్క వండుతున్నంతసేపు నేను మిషను మీద కుట్టుకుంటూనే ఉన్నాను. అన్నం కలిపి, అలవాటు కొద్దీ ముద్ద చేసి నా వైపు చాపింది. చాపాక గుర్తొచ్చినట్టుంది, చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చెయ్యి వైపు కాసేపు చూశాను. నోరు తెరిచాను. కళ్ళు మాత్రం మూసుకోలేదు. పులుసు బాగుంది. మొహం మండలేదు.

ఆ పొద్దుటి మాత్రలు ఇంకా వేసుకోలేదు. అట్ట తీశాను. అక్క నీళ్ళ చెంబు ముంచి తెచ్చింది, కానీ అట్ట వైపు చెయ్యి చాపలేదు. నేను అడగనూ లేదు. ఆమె చూస్తుండగా నేనే చించుకుని, ఒక్కొక్కటే మింగాను. చివరిది మింగాక అక్క కొంగు ముడి విప్పి, బెల్లం ముక్క తీసి, నా నోట్లో పెట్టకుండా గడప మీద పెట్టింది.

తీసుకుని తిన్నాను. ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి.